రెండు బిల్లులు, రెండు అవ్యక్తములు
(మన సంఘము ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరినపుడు ఏదేని సాహిత్య విషయమును గూర్చి చెప్పుదునని తలంచియుందురు. నేను ముప్పది యేండ్లకు పైగా లెక్కల శాఖలో పనిచేసినవాడను. సాహిత్యమును చదివి యానందింతునే గాని దానిని గూర్చి వేదిక నెక్కి చెప్పునంతటి శక్తి నాకు లేదు. కావున నాకు తెలిసిన లెక్కను గూర్చియే మాటలాడుదునంటిని. వారు క్షణకాలము మౌనము వహించి, "పదిహేను నిమిషాలు దాటకుండా చూడండి" అనిరి. తెరవెనుక మీసములు అంటించుకొనుచున్న నటులు సిద్ధమగులోపల ముగింప యత్నించెదను.

నా విషయము సమీకరణములు. ఒంటరి సమీకరణము కాదు. రెండు మూడు కలిసి వచ్చునవి. మా చిన్ననాట వీనిని ఏకఘాత సమీకరణములనెడివారు. ఇప్పటి తెలుగు పాఠ్యపుస్తకములలో రేఖీయ సమీకరణముల జత యని యున్నది. మన పిల్లలు ఈ యూర వీనిని ఇంగ్లీషులోనో హిందీలోనో నేర్చుకొందురు. ఇంటికి వచ్చి తల్లిదండ్రులను అడిగినచో, మనము తెలుగున చదివినది వారికర్థము కాదు, వారు చెప్పునది మనకు సగమే యర్థమగును. ఈ చిక్కు మా యింటను కలిగినది. అందువలననే ఈ విషయమును ఎన్నుకొంటిని.

ముందుగా పిల్లలకొక లెక్క. తొమ్మిది మాదీఫలములకును ఏడు వెలగపండ్లకును కలిపి వెల 107. ఏడు మాదీఫలములకును తొమ్మిది వెలగపండ్లకును కలిపి వెల 101. ఒక్కొక్క పండు వెల యెంత?

ఈ లెక్క నాది కాదు. సుమారు పదునొకండున్నర శతాబ్దుల క్రిందటిది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, అనగా 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడను జైన గణితవేత్త సంస్కృతమున వ్రాసిన గణితసారసంగ్రహములోనిది. ఆ గ్రంథమును రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో 1912లో మద్రాసున ప్రకటించిరి. దానిని అంతకు ఎన్నియో శతాబ్దులకు పూర్వమే మన పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చియున్నాడు. శాస్త్రగ్రంథమును తెలుగున పద్యముగ చెప్పినవారిలో ఆయన మొదటి వరుసలోనివాడు. మనవారు ఆదికవులను తలంచుకొనినంతగా ఆయనను తలంచుకొనరు. ఇది నా చిరకాలపు ఫిర్యాదు. నేడు వేదిక దొరికినది కనుక చెప్పుకొంటిని.

ఇక లెక్కకు వత్తము. రెండు మాటలను కూడుడు. మొత్తము పదునారు మాదీఫలములు, పదునారు వెలగపండ్లు, వెల 208. కావున ఒక్కొక్కటి చొప్పున జత వెల 13. ఇపుడు మొదటిదానినుండి రెండవదానిని తీసివేయుడు. మాదీఫలములు రెండు హెచ్చు, వెలగపండ్లు రెండు తక్కువ, వెలలో భేదము 6. అనగా మాదీఫలము వెలగపండు కంటె 3 హెచ్చు. రెంటి మొత్తము 13, భేదము 3; కావున మాదీఫలము 8, వెలగపండు 5. సరిచూడుడు: తొమ్మిది యెనిమిదులు 72, ఏడైదులు 35, కలిపి 107. ఏడెనిమిదులు 56, తొమ్మిదైదులు 45, కలిపి 101.

ఇచ్చట పెద్దలను ఒక ప్రశ్న యడుగుదును. మొదటి మాట యొక్కటియే యుండినచో ఏమగును? మాదీఫలము 8, వెలగపండు 5 అనినను 107 వచ్చును. మాదీఫలము 1, వెలగపండు 14 అనినను 107 వచ్చును. అణాపైసలు కూడ లెక్కించినచో అట్టి జతలకు అంతులేదు. ఒక్క బిల్లు ధర చెప్పదు. ధరలమధ్యనున్న సంబంధమును మాత్రమే చెప్పును. రెండవ బిల్లు వచ్చి ఆ జతలన్నిటిలో ఒక్కదానిని మాత్రము నిలిపి తక్కినవానిని త్రోసివేయును. అవ్యక్తములెన్నియో సమీకరణములన్ని కావలెనని బడిలో చెప్పు సూత్రమునకు అర్థమిదియే. అయితే ఆ సూత్రములో ఒక మెలిక యున్నది. దానిని నేను పుస్తకమున చదివి నేర్చుకొనలేదు. ఎట్లు నేర్చుకొంటినో చెప్పెదను, కొంచెము తాళుడు.

మన పూర్వులు తెలియని రాశిని అవ్యక్తమనిరి. తెలియనివి పెక్కులైనపుడు రంగుల పేరులు పెట్టిరి. భాస్కరాచార్యుడు 1150లో ముగించిన బీజగణితములో మొదటిది యావత్తావత్తు, తరువాత కాలకము, నీలకము, పీతకము, లోహితకము. వ్రాయునపుడు మొదటి యక్షరములు మాత్రమే: యా, కా, నీ, పీ, లో. నేటి పిల్లలు ఎక్సు, వై, జెడ్ అని వ్రాయుచోట ఆనాటి విద్యార్థి నలుపు, నీలము, పసుపు, ఎరుపు అని వ్రాసెడివాడన్నమాట. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున ఇట్టి వర్ణ సమీకరణములను చర్చించెను. చీనా దేశమున ఇంకను ముందే, తొమ్మిది అధ్యాయముల గణిత గ్రంథమున, మూడు రకముల ధాన్యపు కట్టలను గూర్చి మూడు సమీకరణముల లెక్క కలదు. అచ్చట వెదురుపుల్లలను పలకపై నిలువు వరుసలుగ పేర్చి, ఒక వరుసను హెచ్చవేసి మరియొక వరుసనుండి తీసివేయుచు, ఒక్కొక్క అవ్యక్తమునే తొలగించెడివారు. ఐరోపావారు పిమ్మట గౌసు పేర పిలిచిన పద్ధతికిని దానికిని సారమున భేదము లేదు.

ఇక ఆ మెలిక. నేను ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలోని మాట. ఏ కార్యాలయమో, ఏ యూరో చెప్పను. అచ్చటి స్టేషనరీ గిడ్డంగి లెక్కలను తనిఖీ చేయు పని నాకు అప్పగించిరి. వర్షాకాలమున కప్పు కారి బిల్లుల కట్ట తడిసి, సిరా కరగి, విడి ధరలు చెరిగిపోయినవి. ఏ సరకు ఎంత వచ్చినదో స్టాకు పుస్తకములో నున్నది. ఎంత సొమ్ము చెల్లించిరో నగదు పుస్తకములో నున్నది. ధర మాత్రము ఎచ్చటను లేదు. ఒకే నెలలో ఒకే వర్తకునినుండి వచ్చిన రెండు బిల్లులు నాకు చిక్కినవి. మొదటిదానిలో 20 రీముల కాగితము, 19 పెట్టెల కార్బను కాగితము, చెల్లించినది 980 రూపాయలు. రెండవదానిలో 19 రీములు, 18 పెట్టెలు, చెల్లించినది 930 రూపాయల 50 పైసలు.

నాకు పట్టరాని సంతోషము కలిగెను. బడిలో నేర్చిన విద్య కార్యాలయమున పనికివచ్చు దినము వచ్చినదనుకొంటిని. మొదటి బిల్లును 18 చేత, రెండవదానిని 19 చేత హెచ్చవేసితిని. పెట్టెలు రెంటను 342 అయినవి. రీములు ఒకచోట 360, మరియొకచోట 361. సొమ్ము ఒకచోట 17,640, మరియొకచోట 17,679 రూపాయల 50 పైసలు. తీసివేయగా ఒక్క రీము ధర 39 రూపాయల 50 పైసలని తేలెను. పెట్టె ధర 10 రూపాయలు. నాడు బజారున రీము 30 రూపాయలకే దొరకుచుండెను. 39 రీములకు రీముకు 9 రూపాయల 50 పైసల చొప్పున 370 రూపాయల 50 పైసలు అధికముగ చెల్లింపబడినదనియు, పెట్టె ధర తగ్గించి చూపి దానిని కప్పిపుచ్చినట్లు కనబడుచున్నదనియు, గిడ్డంగి గుమాస్తా సంజాయిషీ కోరవలెననియు చక్కని దస్తూరితో నోటు వ్రాసితిని. ఆ గుమాస్తా మరి నాలుగు నెలలలో పదవీ విరమణ చేయవలసియున్న వృద్ధుడు. విచారణ మొదలైనచో పింఛను నిలిచిపోవును. ఆ సంగతి నాకు తెలియును. తెలిసియే వ్రాసితిని. లెక్క యబద్ధమాడదు గదా యని నా ధైర్యము.

మా సూపరింటెండెంటుగారు మనవారే, గోదావరి ప్రాంతమువారు. నోటును రెండుమారులు చదివి, కండ్లజోడు తీసి బల్లపై నుంచి, "అబ్బాయీ, లెక్క సరిగానే చేశావు. రెండో బిల్లులో ఒక్క అర్ధరూపాయి తగ్గించి మళ్ళీ చేసి చూపించు" అనిరి. చేసితిని. రీము 30 రూపాయలు, పెట్టె 20 రూపాయలు వచ్చినది. "ఇప్పుడు ఆ 930న్నరకి అర్ధరూపాయి పెంచి చెయ్యి" అనిరి. చేసితిని. రీము 49 రూపాయలు, పెట్టె వెల సున్న. "కార్బను పెట్టెలు మనకి ఊరికే ఇచ్చాడన్నమాట ఆ వర్తకుడు!" అని వారు నవ్విరి. నాకు నవ్వు రాలేదు.

వేయి రూపాయల బిల్లులో అర్ధరూపాయి యటునిటు అయినంతమాత్రమున ధర తొమ్మిదిన్నర రూపాయలు మారుచున్నదనిన, ఆ లెక్కను నమ్మి ఒక మనుష్యునిపై నిందమోపుట యెట్లు? "నీ దగ్గర రెండు బిల్లులున్నాయనుకుంటున్నావు. ఉన్నది ఒకటింబాతికైనా లేదు. రీములు తక్కువగా, పెట్టెలు ఎక్కువగా ఉన్న బిల్లు ఇంకోటి వెతుకు" అని వారు నన్ను పంపిరి.

వెదుకగా అదే నెలలోని మూడవ బిల్లు దొరకినది: 5 రీములు, 16 పెట్టెలు, 470 రూపాయలు. నా ధరల ప్రకారమైనచో అది 357 రూపాయల 50 పైసలు కావలెను. రీము 30, పెట్టె 20 చొప్పున సరిగా 470. మొదటి బిల్లును మూడవదానితో జతచేసి విడిగ సాధించినను 30, 20 అనియే వచ్చినది. మరి ఆ అర్ధరూపాయి? రెండవ బిల్లునాడు సరకు తెచ్చిన రిక్షా కూలి. నగదు పుస్తకమున బిల్లు సొమ్ముతో కలిపి ఒకే పద్దుగ వ్రాసినారు.

నోటు పైకి పోలేదు. సూపరింటెండెంటుగారు చిత్తుప్రతిని నాకే తిరిగి ఇచ్చిరి. అది నేటికిని నాయొద్ద నున్నది. కాని కార్యాలయములలో గోడలకు చెవులుండును. ఆ రెండు దినములును ఆ వృద్ధుడు మధ్యాహ్న భోజనపు డబ్బా మూత తీయకుండ ఇంటికి తీసికొనిపోయెనని పిదప తెలిసినది. క్షమాపణ చెప్పుకొంటివా యని మీరడుగవచ్చును. చెప్పుకొనలేదు. అపుడు నాకు ఇరువదినాలుగేండ్లు. ఆయన విరమణ సభలో పూలదండ వేయునపుడును నోరు రాలేదు.

ఇందలి కారణమును పిల్లలు గీతల కాగితముపై చూడవచ్చును. అడ్డముగ రీము ధర, నిలువుగ పెట్టె ధర కొలుచుకొనుడు. ఒక్కొక్క బిల్లు ఒక్కొక్క సరళరేఖ యగును. అందువలననే రేఖీయ సమీకరణమను పేరు. రెండు రేఖలు ఖండించుకొను బిందువే ఉత్తరము. రేఖలు సమాంతరములైనచో ఉత్తరము లేదు. ఒకదానిపై నొకటి పడినచో ఉత్తరములు అనంతములు. ఈ మూడు సంగతులును పాఠ్యపుస్తకములో నున్నవి. నాకు తగిలినది నాల్గవ సంగతి. నా మొదటి రేఖ వాలు 1.053, రెండవదాని వాలు 1.056. రెండును ఇంచుమించు ఒకే దారిని పోవుచు, ఎచ్చటనో ఒకచోట దాటుకొనుచున్నవి. దాదాపు మూసిన కత్తెరను చూడుడు. రెండు అలుగులు సరిగా ఎచ్చట కలియుచున్నవో కంటికి తెలియదు, ఒక అలుగు వెండ్రుకవాసి కదిలినను ఆ చోటు చాల దూరము జరుగును. మూడవ బిల్లు రేఖ వాలు 0.31 మాత్రమే. అది మొదటిదానిని అడ్డముగ కోసినది. అచ్చట సందేహమునకు తావు లేదు.

అంకెలతో చెప్పవలెనన్నను కష్టము లేదు. గుణకములను అడ్డగుణకారము చేసి తీసివేయగా వచ్చు సంఖ్యను నిర్ధారకమందురు. మొదటి రెండు బిల్లులకు 20ని 18 చేత హెచ్చవేసి, 19ని 19 చేత హెచ్చవేసి తీసివేసినచో, గుర్తును విడిచిపెట్టగా, 1 వచ్చును. మొదటి, మూడవ బిల్లులకు 20ని 16 చేత, 19ని 5 చేత హెచ్చవేసి తీసివేసినచో 225. సొమ్ములోని పొరపాటు 19 రెట్లయి, పిదప ఈ నిర్ధారకము చేత భాగింపబడి రీము ధరకు చేరును. అర్ధరూపాయికి 19 రెట్లు తొమ్మిదిన్నర. దానిని ఒకటి చేత భాగించిన తొమ్మిదిన్నరయే నిలుచును; 225 చేత భాగించిన నాలుగు పైసలు. మూడవ బిల్లులో అర్ధరూపాయి తప్పు దొర్లియుండినను రీము ధర 29 రూపాయల 96 పైసలని వచ్చియుండెడిది. ఎవరి డబ్బా మూతయు మూసియుండెడిది కాదు.

రెండు మూడు అవ్యక్తములైనచో కాగితము చాలును. పెక్కులైనచో? నిర్ధారకములను విస్తరించి సాధించు పద్ధతియొకటి కళాశాలలో నేర్పుదురు. చూచుటకు సొగసుగ నుండును. పది అవ్యక్తములున్నచో ఒక్కొక్క నిర్ధారకమున 36,28,800 పదములుండును. అట్టివి పదునొకండు కావలెను. ఒక్కొక్క అవ్యక్తమును తొలగించుకొనుచు పోవు పాత పద్ధతిలో అదే లెక్కకు 430 గుణకార భాగహారములు చాలును. 19వ శతాబ్ది ఆరంభమున గౌసు పల్లాసు అను చిన్న గ్రహము కక్ష్యను నిర్ణయించునపుడు ఆరు అవ్యక్తములను ఇట్లే ఒక క్రమమున తొలగించెను. భూమి కొలతల లెక్కలలో ఆయన మరియొక ఉపాయము పట్టెను: ఒక ఉజ్జాయింపు తీసికొని, దానిని కొంచెము కొంచెముగ సవరించుకొనుచు పోవుట. 1823లో తన శిష్యునికి వ్రాసిన లేఖలో, ఆ పని సగము నిద్రలోనైనను చేయవచ్చునని మెచ్చుకొనెను. మధ్యాహ్నము భోజనానంతరము ఫైళ్ళు చూచు మనకు ఈ పద్ధతి అనుకూలమని నా మనవి.

ప్రభుత్వమునకు ఈ లెక్కలతో నేమి పనియని యనుకొనకుడు. ఉక్కు చేయుటకు బొగ్గు కావలెను; బొగ్గు త్రవ్వుటకు ఉక్కు కావలెను; రెంటికిని రైలు కావలెను; రైలుకు ఆ రెండును కావలెను. దేశమునకు ఇంత యుక్కు కావలెనన్న బొగ్గు ఎంత త్రవ్వవలెనో ఒక్కదానిని విడిగ లెక్కకట్టుట సాధ్యము కాదు. అన్నిటిని ఏకకాలమున సాధింపవలెను. లియాంటీఫ్ అను ఆర్థికవేత్త 1949లో అమెరికా ఆర్థిక వ్యవస్థను ఐదువందల భాగములుగ చేసి, నాటి యంత్రము మోయలేదని 42 సమీకరణములకు కుదించి సాధించెను. 1973లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. మన దేశమునను 1968-69 సంవత్సరమునకు అప్పటి కేంద్ర గణాంక సంస్థ ఇట్టి పట్టికను సిద్ధపరచినది. మనలో కొందరు ఏయే శాఖలకో నింపి పంపిన నమూనా పత్రములలోని అంకెలు తుదకు చేరునది ఇట్టి పట్టికలలోనే.

తెలుగువారమగు మనము విడువరాని పేరు ఇంకొకటి యున్నది. కల్యంపూడి రాధాకృష్ణరావుగారు, సి.ఆర్. రావుగా లోకప్రసిద్ధులు. 1920లో నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థను చేరి, దశాబ్దులపాటు అచ్చట పనిచేసిరి. 2023లో నూటరెండేండ్ల వయసున అమెరికాలో పరమపదించిరి. వారు చేసిన పనులలో నొకటి నేటి నా విషయమునకు నేరుగ తగులును.

రెండవ బిల్లు 40 రీములు, 38 పెట్టెలు, 1960 రూపాయలని యున్నదనుకొనుడు. అది మొదటి బిల్లునకు సరిగా రెండింతలు. కాగితములు రెండు, సమాచార మొక్కటియే. నిర్ధారకము సున్న, భాగించుటకు వీలులేదు. బడిపుస్తకము ఇచ్చట ఉత్తరము లేదో, అనంతములో యని చెప్పి పుట త్రిప్పును. కాని పొలముల పరీక్షలలో, సర్వేలలో వచ్చు సమీకరణములు తరచు ఇట్లే యుండును. వానిని పారవేయుటకు వీలులేదు. 1955లో రావుగారు ఇట్టి మాత్రికలకును విలోమము వంటిదానిని నిర్మించి గణాంక సమస్యలయందు ప్రయోగించిరి. 1971లో సుజిత్ కుమార్ మిత్రగారితో కలిసి దానిపై గ్రంథమే వ్రాసిరి. దానితో ఏ ప్రశ్నకు ఈ బిల్లులు జవాబు చెప్పగలవు, ఏ ప్రశ్నకు చెప్పలేవు అను విభాగమును శుభ్రముగ చేయవచ్చును. ఒక్క రీము ధర యెంతయని యడిగినచో అవి చెప్పలేవు. 20 రీములు, 19 పెట్టెల కట్ట ఒక్కటి వెల యెంతయనిన నిశ్చయముగ చెప్పును. పది రీములు, తొమ్మిదిన్నర పెట్టెల వెలయు చెప్పును. అంతకు మించి అడుగరాదు. నా ఇరువదినాల్గవ యేట ఈ సంగతి తెలిసియుండినచో బాగుండెడిది.

కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. పిల్లలకొక లెక్క నిచ్చి దిగిపోయెదను. ఇది భాస్కరుని బీజగణితము లోనిది. ఇద్దరు మిత్రులు. మొదటివాడు, నీవు నాకు నూరు రూపాయలిచ్చినచో నా సొమ్ము నీ సొమ్మునకు రెండింతలగును అనెను. రెండవవాడు, నీవే నాకు పది యిచ్చినచో నా సొమ్ము నీ సొమ్మునకు ఆరింతలగును అనెను. ఎవరియొద్ద నెంత యున్నది? రెండు రేఖలును బాగుగ ఎడముగనే యున్నవి, భయము లేదు. ఉత్తరము సరియో కాదో నన్ను అడుగ నక్కరలేదు. వారి మాటలలో పెట్టి మీరే చూచుకొనవచ్చును. అయినను కాగితముపై వ్రాసి, నాటకము ముగిసిన పిదప పులిహోర వడ్డించుచోట నాకు చూపుడు. నేను అచ్చటనే యుందును.